మగ్గాల సాలలో మాత్రమే వెలిగిన ఇంజిన్ లైటు

మా ముత్తాత నరసయ్య గారి చేతి కింద నలభై మగ్గాలు ఆడేవి. చిట్యాల అవతల మా ఊళ్లో ఆయన నేయించిన నూనె రుమాళ్లు, అంటే నూనెలో నానబెట్టిన నూలుతో నేసిన తలగుడ్డలు, బొంబాయి వర్తకుల ద్వారా అరబ్బు దేశాలకు పోయేవి. మా తాత రామలింగం గారు చుట్టుపక్కల ఊళ్లలోని పద్మశాలీలకు కులపెద్ద. ఏ తగవైనా ఆయన అరుగు మీదనే తెగేది. ఊళ్లో మా ఇంటిని ‘పెద్దిల్లు’ అనేవారు, ఇంకో పేరు అక్కరలేదు. మా నాయిన కాలానికి రుమాళ్లు అడిగేవారు లేకుండా పోయారు. ఇల్లు ముక్కలుగా చేతులు మారసాగింది. ఇరవై మూడేళ్ల వయసులో నేను నల్లగొండకు వచ్చి స్కూటర్లు బాగుచేసే షెడ్డులో చేరాను. పెద్దింటి కొడుకు గ్రీజు చేతులతో తిరుగుతున్నాడని ఊళ్లో నలుగురూ అనుకున్నట్టు నా చెవిన పడింది. ఆ తర్వాత నేను ఆ ఊరికి పోలేదు. ఇది గొప్పకు రాయడం లేదు. కింద చెప్పబోయే పనిలో జరిగిన ఆలస్యానికి ఇదే కారణం కాబట్టి రాస్తున్నాను.

2021 వానాకాలంలో నేను నల్లగొండలో ఒక ద్విచక్ర వాహనాల డీలరు దగ్గర వర్క్స్ మేనేజరును. మా పనిలో అంతస్తులు ఇలా ఉంటాయి. పానా పట్టేవాడు టెక్నీషియన్. కస్టమరుతో మాట్లాడి జాబ్ కార్డు రాసేవాడు సర్వీస్ అడ్వైజర్. వీళ్లందరి మీదా వర్క్స్ మేనేజరు. బండి బాగైందని జాబ్ కార్డు మీద చివరి సంతకం ఆయనది. ఆ సంతకం తర్వాత బండి రోడ్డు మీద ఆగిపోతే ఆ మాట కూడా ఆయనదే.

అప్పటికి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చి ఏడాది దాటింది. కార్బురేటర్లు పోయాయి. ఇంజిన్‌కు ఎంత పెట్రోలు పోయాలో లెక్కగట్టే చిన్న కంప్యూటరు ప్రతి బండిలోకీ వచ్చింది. దాన్ని ఈసీయూ అంటాం. గాలి, వేడి, యాక్సిలరేటరు తిప్పిన మేర, ఇవన్నీ సెన్సర్లు కొలిచి సన్నని తీగల ద్వారా దానికి కబురు పంపుతాయి. ఏ కబురైనా తప్పుగా వస్తే మీటరులో ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు వెలుగుతుంది. తాళం తిప్పగానే అది ఒకసారి వెలగాలి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. నడుస్తుండగా మళ్లీ వెలిగిందంటే ఎక్కడో లోపం ఉన్నట్టు. నిలకడగా వెలిగే లైటుతో మాకు బాధ లేదు. వచ్చి పోయే లైటుతోనే తంటా. అది కస్టమరు దగ్గర వస్తుంది, మా దగ్గర పోతుంది.

భిక్షపతి అనే నేతపనివాడి బండికి అలాంటి లైటే వచ్చింది. మనిషి నాకంటే కొద్దిగా చిన్న. తెల్ల చొక్కా, మెడలో తువ్వాల. బండి కొని ఏడాది కాలేదు. మొదటిసారి వచ్చిన రోజు జాబ్ కార్డు మీద ఊరి పేరు చూశాను. మా ఊరే. మనిషి మాత్రం తెలియదు. అతని తండ్రి కేతేపల్లి వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడని తర్వాత తెలిసింది. అది నా ఊరని నేను చెప్పలేదు. నా చొక్కా మీది బిళ్లలో పొడి అక్షరాలే ఉండేవి, అవి చూసి నన్ను పోల్చుకునే వీలు లేదు.

బండికి స్కానరు తగిలించాము. ఈసీయూ తన జ్ఞాపకంలో పాత తప్పుల్ని దాచుకుంటుంది. అది చూపించిన కోడు ప్రకారం, యాక్సిలరేటరు ఎంత తిప్పామో చెప్పే సెన్సరు నుంచి కబురు మధ్య మధ్యలో తెగిపోతున్నది. వారంటీలో ఉన్న బండి కాబట్టి సెన్సరు మార్చి పంపాము. పది రోజుల్లో మళ్లీ వచ్చాడు. ఈసారి కనెక్టర్లు విప్పి శుభ్రం చేశాము, తీగ కొలిచాము, కట్టను అటూ ఇటూ కదిలించి చూశాము. అంతా సరిగానే ఉంది. మూడోసారి బండిని రెండు రోజులు మా దగ్గరే ఉంచుకున్నాము. మా సీనియర్ టెక్నీషియన్ జావీద్ దాన్ని చిట్యాల దాకా రెండుసార్లు నడిపి వచ్చాడు. లైటు ఊసే లేదు.

జావీద్ నా దగ్గర పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నవాడు. చేతికీ నోటికీ సమానమైన చురుకు. బండి దిగుతూ అన్నాడు: “సార్, ఇది లైటు గాదు, అత్త. కొడుకు ముంగట నోట్లె నాలికే లేనట్టుంటది. కోడలు ఒక్కతే దొరికిందంటె కళ్లెర్ర జేస్తది.”

నేను నవ్వలేదు. జాబ్ కార్డు మీద ‘ఫిర్యాదు కనబడలేదు’ అని రాసి సంతకం చేశాను. ఆ మాట రాయడం అది వరుసగా మూడోసారి. భిక్షపతి నిలబడి, “సారూ, మీరు జూస్తె ఎలగది. నేను పోతాంటె ఎలుగుతది. నేనేమన్న అబద్దమాడుతున్ననా?” అన్నాడు. పక్కన మరో నలుగురు కస్టమర్లు ఉన్నారు. నాకు విసుగు వచ్చింది. లైటు బండిలో లేదు, నీ కంట్లో ఉందని అన్నాను. అతను నా ముఖం చూశాడు, తువ్వాల సర్దుకున్నాడు, బండి తీసుకుని వెళ్లిపోయాడు.

నాలుగోసారి బండి లేకుండా వచ్చాడు. ఆటోలో చిట్యాల దాకా, అక్కణ్నుంచి బస్సులో. నా గదిలోకి వచ్చి కూర్చోమన్నా కూర్చోలేదు. ముందు రోజు పొద్దున భార్య సత్తెమ్మను, నేసిన చీరల మూటను ఎక్కించుకుని హైవే దాటుతుంటే లైటు వెలిగిందట. వేగం తగ్గించేసరికి ఇంజిన్ ఆగిపోయిందట. విజయవాడ వైపు పోయే లారీ బ్రేకు కొట్టి రెండు మూరల దూరంలో నిలబడిందట. సత్తెమ్మ దిగి, మూట నెత్తిన పెట్టుకుని, ఊరికి నడిచి వెళ్లిపోయిందట.

“ఆమె ఇగ ఎక్కనంటాంది సారూ. ఆమె ఎక్కకపోతె నాకు బండెందుకు? ఐతారం అమ్ముదామనుకుంటున్న. అమ్మాల్నంటె గీ లైటు ముచ్చట జెప్పాలె. జెప్తె ఎవ్వడు గొనడు. జెప్పకుంట అమ్మి, కొన్నోడు లారీ కిందికి పోతె? మీరే జెప్పున్రి, నేనేం జెయ్యాలె?”

నా దగ్గర మూడు సంతకాలు మాత్రం ఉన్నాయి.

మొదటిరోజే అడగవలసిన ప్రశ్నను అప్పటికి గానీ అడగలేదు. లైటు ఏ వేళలో వెలుగుతుంది? అతను గడియారం లెక్క చెప్పలేదు. మగ్గం లెక్క చెప్పాడు. నేతకు కూర్చోక ముందు బండి తీస్తే వెలుగుతుంది. ఒక జానెడు నేసి తీస్తే ఒకసారి వెలుగుతుంది, ఒకసారి వెలగదు. మూరెడు నేశాక తీస్తే అసలు వెలగదు. బండి రాత్రంతా ఎక్కడ ఉంటుందని అడిగాను. మగ్గాల సాలలో, గోడ వారగా, అన్నాడు.

మగ్గాల సాల అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. ఎండు గాలికి నూలు పోగు పుటుక్కున తెగుతుంది. అందుకని నేలలో గుంట తవ్వి మగ్గం దించుతారు, పొద్దున్నే నేల మీద నీళ్లు చల్లుతారు, కిటికీలు మూసే ఉంచుతారు. ఊరు మొత్తంలో కావాలని తేమ నిలిపే గది అదొక్కటే. అందులో రాత్రంతా నానిన బండి ముప్పై కిలోమీటర్లకు పైగా ఎండలో, ఇంజిన్ వేడిలో నడిచి మా వర్క్‌షాపుకు వచ్చేసరికి ఆరిపోతున్నది. మేము ప్రతిసారీ ఆరిన బండినే పరీక్షించాము. రేకుల కప్పు, సిమెంటు నేల ఉన్న మా షెడ్డులో రెండు రోజులేం, రెండు నెలలు ఉంచినా ఆ లైటు రాదు.

ఇక్కడ నా తప్పు దాచకూడదు. వచ్చి పోయే లోపాన్ని అది వచ్చే చోటికే పోయి చూడాలని కొత్త టెక్నీషియన్లకు పాఠం చెప్పేవాణ్ని నేనే. రెండోసారి బండి వచ్చినప్పుడే జావీద్ “ఆయన ఇంటికాడికి పోయి చూద్దం సార్” అన్నాడు. వర్క్‌షాపు బయట తీగల కట్ట విప్పాలంటే వర్క్స్ మేనేజరు దగ్గరుండాలని మాకు నియమం. అంటే నేను ఆ ఊరికి పోవాలి. అలాంటి ఆనవాయితీ లేదని చెప్పి జావీద్ నోరు మూయించాను. ఆనవాయితీ ఉంది. నాకే పోవడం ఇష్టం లేదు. నా ఇష్టాయిష్టాల మూలంగా ఒక ఆడమనిషి లారీ ముందు నిలబడవలసి వచ్చింది.

రేపు తెల్లవారి ఆరింటికి వస్తాను, ఎవరూ బండిని ముట్టవద్దు, నేల మీద రోజూ చల్లినట్టే నీళ్లు చల్లండి అని భిక్షపతికి చెప్పాను.

మరునాడు జావీద్‌తో వెళ్లాను. ముసురు పట్టి ఉంది. భిక్షపతి ముందు నడిచి ఒక తలుపు దగ్గర ఆగాడు. అది మా ఇంటి మగ్గాల సాలే. ఇల్లు ముక్కలైనప్పుడు ఆ ముక్క అతని తండ్రి కొన్నాడు. లోపల చీకటి. నలభై మగ్గాల జాగాలో రెండు మగ్గాలు ఉన్నాయి. ఒకదాని గుంటలో సత్తెమ్మ కూర్చుని ఉంది. నేను తల వంచి లోపలికి అడుగుపెట్టాను. నా వెనక వచ్చిన జావీద్ నుదురు దూలానికి కొట్టుకుంది.

సత్తెమ్మ పని ఆపి నన్ను చూసింది. “కొత్తోళ్లందరికి గా దూలం తలకు తాకుతది. మీరెట్ల వంగిన్రు సారూ?”

అలవాటు అని మాత్రం చెప్పాను. జావీద్ నుదురు రుద్దుకుంటూ, “మా సారుకు అన్ని ముందే ఎరుకమ్మా, లైటొక్కటే ఎరుకలేదు” అన్నాడు.

తాళం తిప్పి ఇంజిన్ స్టార్టు చేయించాను. పసుపు లైటు వెలిగి ఆరిపోయింది. సత్తెమ్మ పేకపోగు మోసే నాడెను ఐదారుసార్లు అటూ ఇటూ విసిరేంత సేపు ఏమీ లేదు. తర్వాత లైటు మళ్లీ వెలిగి అలాగే నిలిచింది. ఇంజిన్ ఎగిరెగిరి ఆగిపోయింది. భిక్షపతి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “నా కంట్ల ఉన్నదా సారూ?” అన్నాడు. లేదు, బండిలోనే ఉంది, ఆ రోజు నేను అన్న మాట తప్పు అని చెప్పాను. అతను అంతటితో సరిపెట్టుకున్నాడు.

ఇక పని వరుసగా సాగింది. కోడు సెన్సరును చూపినా సెన్సరు కొత్తది, కాబట్టి తప్పు మధ్యలోని తీగలో ఉండాలి. బ్యాటరీ వైరు తప్పించి, సెన్సరు వైపు కనెక్టరు, ఈసీయూ వైపు కనెక్టరు విప్పి, మూడు తీగలను ఒక్కొక్కటిగా మల్టీమీటరుతో కొలిచాము. మంచి తీగలో నిరోధం దాదాపు సున్నా ఉండాలి. రెండు తీగలు అలాగే ఉన్నాయి. మూడోదాని అంకె వేలల్లోకి ఎక్కుతున్నది, దిగుతున్నది. జావీద్ ఈల వేశాడు.

పైనున్న నల్ల గొట్టం ఊడదీసి తీగను చేతితో తడుముతూ పోయాను. ఉబ్బు లేదు, ముడి లేదు, టేపు లేదు. కళ్లకు ఏమీ కనబడలేదు. ట్యాంకు కింద ఒకచోట, మూడు వేళ్ల వెడల్పున, తీగ గట్టిగా తగిలింది. రబ్బరు గట్టిదనం కాదు. గంజి పెట్టిన నూలు గట్టిదనం. ఆ స్పర్శ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గోటితో గీకితే నల్ల దారం లేచింది. తీగ చుట్టూ అద్దకం వేసిన నూలు, చుట్టు పక్కన చుట్టు, ఫ్యాక్టరీలో చుట్టినట్టు ఉంది. దాని కింద రాగి పోగులు. తెగిన ప్రతి పోగునూ అవతలి పోగుతో కలిపి, ముడి వేయకుండా, మెలి తిప్పి అతికారు.

నేతలో దీన్ని అచ్చు అతకడం అంటారు. మగ్గం మీది నిలువు పోగులైన పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే అతుకుతారు. వేళ్లకు బూడిద రాసుకుని మెలి తిప్పుతారు. ముడి వేస్తే దువ్వెనలాంటి అచ్చు పళ్లలో దూరదు. వేల పోగులు అతకాలి. మా ఇంట్లో ఆ పనికి పేరున్న ఆడవాళ్లను వేరుగా పిలిపించేవారు. ఈ పని చేసిన చేయి ఎవరిదో నాకు అర్థమైంది. తల ఎత్తి సత్తెమ్మ వైపు చూశాను.

ఆమె ఏ తొట్రుపాటూ లేకుండా చెప్పింది. “ఎలుక కొరికింది. పోగులు బయటికి ఎల్లినయి. అతికి, జర గంజి రాసి, దారం సుట్టిన.”

భిక్షపతి భార్య వైపు తిరిగాడు. “నువ్వా? నాకెందుకు జెప్పకపోతివే? నాలుగు సార్లు నల్లగొండ తిరిగిన గదనే! బయట ఎవలతోనన్న జేపిచ్చినవా అని షాపోళ్లు అడిగితె, ఎవ్వలు ముట్టలేదని ఒట్టు వెట్టిన!”

“బయటోళ్లు ముట్టలే గద. నేనేమన్న బయటిదాన్నా? దినాం నూరు పోగులు తెగుతయి, నూరు అతుకుత. ఒక్కొక్కదానికి లేశొచ్చి నీకు జెప్పాల్నా? తెగిన పోగు అతికితె గది గూడ ముచ్చటేనా?”

జావీద్ నేల మీద చతికిలబడి నవ్వాడు. “అమ్మా, నువ్వు మా షాపుకు రా. నేను నీ కింద పని నేర్చుకుంట.”

“నేనొస్త గని, నువ్వొచ్చి గీ గుంటల కూసుంటవా?” అంది సత్తెమ్మ. “ముందుగాల తల వంచుడు నేర్చుకో.”

ఆమె చేసింది నేత లెక్కన నిర్దోషమైన పని. ఎండినప్పుడు రాగి రాగిని తాకి కబురు సరిగానే పోయేది. తేమ తగిలితే గంజి ఉబ్బి పోగుల్ని విడదీసేది. తడికి రాగి పచ్చబారడం కూడా మొదలైంది. ముప్పై నాలుగేళ్లలో నేను చూసిన అతుకుల్లో ఇదే మేలైనదనీ, అయినా దీన్ని కోయక తప్పదనీ ఆమెకు చెప్పాను. “కోయున్రి. మల్ల అతికేది మీరే గద” అంది. గంజి పట్టిన మేర కోసేసి, కొత్త తీగ ముక్క వేసి, సోల్డర్ చేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడిగాను. ఆ పని జావీద్‌కు ఇవ్వలేదు, నేనే చేశాను. ఆమె గుంటలోంచి లేచి వచ్చి నా చేతిని గమనిస్తూ నిలబడింది. పని అయ్యాక వేలితో తడిమి, “ఉబ్బెత్తుగున్నది” అంది. నిజమే, ఉబ్బెత్తుగానే ఉంది.

ఎలుకలు మళ్లీ కొరకకుండా బండిని ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. సత్తెమ్మ వెనక గోడ వైపు చెయ్యి చూపింది. “ఎన్క జాగల గోడ కూలింది, చెట్లు మొలిశినయి. ఎలుకలు, పాములు అన్ని ఆడికెల్లే వస్తయి. గది పెద్దింటోళ్ల జాగనట. వాళ్లు కట్టరు, అమ్మరు, సాపు జెయ్యరు. వాళ్లకు నడుము వంగదట.”

ఆ జాగా మాదే. నాయిన పోయాక నా పేరు మీదికి వచ్చింది. ఇల్లంతా పోయినా ఊళ్లో మా పేరుతో అంగుళం ఉండాలని నేను దాన్ని అట్టే ఉంచాను. అలా ఉంచడం ఒక మర్యాద అనుకున్నాను. చూడడానికి ఒక్కసారి కూడా పోలేదు. ఇప్పుడు మాట దాటవేయడం సరికాదనిపించి, పెద్దింటి వాణ్ని నేనే అని చెప్పాను.

భిక్షపతి గబుక్కున తువ్వాల మెడ మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. సత్తెమ్మ మాత్రం దూలం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. “గందుకా వంగిన్రు” అంది. “అయితె అన్నా, జర సాపు జేపియ్యున్రి” అంది. లోపలికి పోయి చాయ్ తెచ్చింది. ఆ సాలలో కూర్చుని తాగాను.

తర్వాత మూడు రోజులు పొద్దున్నే అక్కడే స్టార్టు చేసి చూడమన్నాను. లైటు రాలేదు. నాలుగో రోజు సత్తెమ్మ బండెక్కిందని భిక్షపతి ఫోను చేసి చెప్పాడు. ఆమె ఎక్కే ముందు తాళం తిప్పించి, లైటు వెలిగి ఆరిందాకా చూసి గానీ కాలు పైన వేయలేదట. ప్రతి బండి యజమానీ చేయవలసిన పరీక్ష అదే.

జాబ్ కార్డు దగ్గర మా డీలరు గారి అబ్బాయికీ నాకూ మాట తేడా వచ్చింది. తీగను బయటివాళ్లు విప్పారని రాస్తే బండి మొత్తం వారంటీ తీసేయవచ్చు, మార్చిన సెన్సరు ఖర్చు కూడా మన మీద పడదు, అని ఆయన వాదన. నేను రాసింది ఇది: ‘ఎలుక కొరికిన తీగను ఇంటివారు అతికారు. లోపం ఆ ఒక్క తీగకే పరిమితం. మొదటి మూడు పరీక్షలు సరైన చోట జరగలేదు. బాధ్యత వర్క్స్ మేనేజరుది.’ కింద సంతకం చేశాను. ఆయనకు నచ్చలేదు, కానీ మార్చమనలేదు. వారంటీ నిలిచింది. మరుసటి ఏడు నేను రిటైరయ్యాను.

ఆ పనిలో నేను నేర్చుకున్నవి రెండు. బండి ఎక్కడ చెడిపోతుందో అక్కడికే పోవాలి, పోవడం మనకు ఎంత కష్టమైనా సరే. బండిని ఎవరైనా బాగుచేయించారా అని ఒక్కరినే అడిగితే చాలదు. ఆ ఇంట్లో తెగినవాటిని అతికే అలవాటు ఎవరికి ఉందో వారిని అడగాలి. జావీద్ ఇప్పుడు అదే వర్క్‌షాపులో సూపర్‌వైజరు. జాబ్ కార్డులో ఆ రెండో ప్రశ్నను అతనే చేర్పించాడు.

వెనక జాగాను మరుసటి ఎండాకాలంలో సత్తెమ్మ పేరున అమ్మాను. ఆ ఊళ్లో మాకు ఇప్పుడు ఏమీ లేదు.